తాళం పడ్డ ఆర్గన్

ఈ కథ నాకు మొదట చెప్పింది మా దీవెనమ్మత్త. చిలకపాడు మిషను గుడిలో ఆర్గన్ వాయించే నతానియేలు మేస్టారు ఇతరుల తప్పు ఒక్కటీ వదిలేవాడు కాదు, తన తప్పు ఒక్కటీ ఒప్పుకునేవాడు కాదు.

గుడిలోని పెద్ద ఆర్గన్‌ను ఆరాధనకే తప్ప సాధనకు ముట్టకూడదని అక్కడి కట్టుబాటు. అందుకని నేర్చుకునేవాళ్ల కోసం మేస్టారు పక్కగదిలో చిన్న ఆర్గన్ ఒకటి సొంతంగా చేశాడు. టేకు పెట్టె, తోలు తిత్తి, పైన వరసగా గొట్టాలు. కాలితో తిత్తి తొక్కుతూ మెట్లు నొక్కితే పావురాలు కువకువలాడినట్టు పలికేది. ఎవరైనా తప్పు మెట్టు నొక్కితే మేస్టారు బెత్తంతో పెట్టె మీద కొట్టి, "మళ్ళీ మొదట్నించి!" అనేవాడు.

ఒకరోజు వాయించి చూపిస్తూ ఆయనే తప్పు మెట్టు నొక్కాడు. అప్పట్లో ఆయన దగ్గర నేర్చుకుంటున్న మా దీవెనమ్మ ఊరుకుంటుందా? బెత్తం అందుకుని పెట్టె మీద ఒక్కటి వేసింది. "మేస్టారూ, మళ్ళీ మొదట్నించి!"

అందరూ గొల్లున నవ్వారు. మేస్టారి ముఖం కందగడ్డయింది.

"నా ఆర్గన్ మీద నాకే పాఠమా? లేవండి అందరూ!" అని గదికి తాళం వేశాడు.

రెండేళ్లు ఆ తాళం తీయలేదు. ఈలోగా కూతురు సువార్తకు పెళ్లి కుదిరింది. బిడ్డ పెళ్లికూతురై గుడిలోకి నడిచొస్తుంటే పెద్ద ఆర్గన్ మోగాలని మేస్టారి ఆశ. తీరా పెళ్లి వారం ఉందనగా బురదలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు.

"నాన్నా, దీవెనక్క వాయిస్తుందిలే. తాళంచెవి ఇవ్వు, సాధన చేసుకుంటుంది," అంది సువార్త.

"అదా? నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసినదా?"

"అయితే నాకు మూగపెళ్లి చేస్తావా?"

బిగుసుకుని కూర్చుని కూర్చుని, చివరికి తాళంచెవి విసిరేశాడు. దీవెనమ్మ తిత్తి తొక్కింది. మెట్టు నొక్కితే ఉస్సుమని గాలే గానీ పలుకు లేదు. గొట్టాలనిండా కుమ్మరి పురుగులు మట్టిగూళ్లు కట్టేశాయి.

"వాయించకపోతే ఇంతే మేస్టారూ. నా వేళ్లూ ఇలాగే ఉన్నాయి. ఈ చేతులతో పెద్దదాన్ని ముట్టలేను," అంది.

పెళ్లిరోజు సువార్త గుమ్మం నుంచి నడిచొచ్చింది. గుడి మొత్తంలో ఆమె పట్టుచీర గరగర తప్ప ఇంకో చప్పుడు లేదు. మేస్టారు తలెత్తలేదు.

మర్నాడు ఎడమచేత్తో పుల్ల పట్టుకుని గొట్టాల్లో మట్టి తవ్వుతూ కూర్చున్నాడు. దీవెనమ్మను పిలిపించి తాళంచెవి చేతిలో పెట్టాడు.

"మళ్ళీ మొదట్నించి," అన్నాడు.

ఇప్పుడు గుడి గోడ మీది రాతిపలకలో, ఆ చిన్న ఆర్గన్ చేసిననాటి నుంచీ పలకలేదని చెక్కారు. చెక్కించిందెవరో నాకు తెలుసు, మరిచిపోను. అది అబద్ధం. పలికింది, తాళం వేస్తే మూగబోయింది, తాళం తీస్తే మళ్ళీ పలికింది. నాకు అక్షరం అంతంతమాత్రం. బాగా వచ్చినవాళ్లెవరైనా ఆ పలక దిద్దించండి. దిద్దించేటప్పుడు కింద ఈ నీతి కూడా చెక్కించండి: తప్పు చూపినవాళ్ల మీద పగబట్టి తలుపు మూసుకుంటే, లోపల పాడయ్యేది మన సొంత పనే.