ఆగని లారీ

మిర్చి యార్డు గేటు ముందు వంతు కోసం ఎండలో ఆగిన లారీలోనే డ్రైవరు ఏసోబు స్పృహ తప్పాడు. అతణ్ణి ఆసుపత్రిలో చేర్చి, తోటి డ్రైవరు మస్తాన్ యజమాని పరంధామయ్య దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, బండి పరిగెడితేనే, ఏసీ వేడిని బయటికి వదిలే ముందు జాలీకి గాలి తగులుతుంది. ఆగితే లోపలికి వేడిగాలే వస్తుంది. జాలీ ముందు ఇంకో ఫ్యాను బిగించాలి."

"పరిగెడితే చల్లగానే ఉంటుందిగా? తప్పు ఏసీది కాదు, ఆపే మీది. ఆపకండి," అన్నాడు పరంధామయ్య.

ఏసీ బాగానే ఉందని చూపించడానికి, మర్నాడు మధ్యాహ్నం భోజనానికి అదే లారీలో ఇంటికి బయల్దేరాడు. ఇల్లు వచ్చింది. తోలుతున్న మస్తాన్ ఆపలేదు.

"ఇల్లు దాటిపోయింది, ఆపవేం?"

"ఆపొద్దన్నారు కదయ్యా."

"మరి నేను దిగొద్దా?"

"దిగాలయ్యా. ఇల్లొస్తే మీకు ఆగక తప్పదు, గేటొస్తే మాకు ఆగక తప్పదు. ఆగకుండా బతికే దారి చూపిస్తే అలాగే తోలతాను."

మస్తాన్ లారీ వెనక్కి తిప్పి ఇంటి ముందు ఆపాడు. యజమాని దిగలేదు. చొక్కా చెమటకు తడిసేదాకా అలాగే కూర్చుని, మెల్లగా అడిగాడు.

"ఏసోబు ఇందులో ఎంతసేపున్నాడు?"

"మూడు గంటలయ్యా."

ఏసోబు కోలుకుని పనిలోకి వచ్చేసరికి, పరంధామయ్య లారీలన్నిటికీ రెండో ఫ్యాను తిరుగుతోంది.