లోపల గట్టిపడని మంచు

పోలాకిరేవులో గరికిన ఎల్లాజీ అనే జాలరి ఉండేవాడు. పనిలో మొనగాడే గానీ, దేనికీ కాసేపు ఆగలేని తొందర మనిషి.

వేసవిలో చేపల వేటకు పెట్టిన నిషేధం ముగిసింది. అన్నాళ్లూ ఎల్లాజీ ఇంట్లోనూ, అతని తమ్ముడు దానయ్య ఇంట్లోనూ గంజే తిండి. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకటే పడవ. ఈసారి వేట దక్కకపోతే గుజరాతు పోయి పరాయి పడవల మీద కూలి చేసుకుంటానని దానయ్య ముందే చెప్పాడు.

ఊరందరికంటే ముందు సముద్రంలోకి దిగిన పడవదే ఆ రేవులో గొప్ప. అందుకని ఎల్లాజీ పొద్దున్నే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, పట్టిన చేప చెడకుండా పడవలో వేసే మంచు దిమ్మల కోసం ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాడు.

"దిమ్మలు ఇంకా తయారవలేదు. సాయంత్రం రా" అన్నాడు మేస్త్రీ సత్తిరాజు.

ఎల్లాజీ ఒక దిమ్మను పిడికిలితో గుద్ది చూశాడు. "రాయిలా ఉంది కదా మావా! ఇంకేటి, పొయ్యి మీదెట్టి ఉడకబెడతావా?"

"అంచులే గట్టిపడ్డాయిరా. నడుమ నీళ్లే ఉన్నాయి. నీళ్లలో కంటికి కనబడని రేణువులు ఒకదాని పక్కన ఒకటి జారుతూ తిరుగుతుంటాయి. బాగా చల్లబడ్డాకే అవి ఉన్నచోట ఉండి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. బయటి వేడి ముందు ఆ పట్టు విడిపించడానికే ఖర్చవుతుంది. అందుకే మంచు ఉన్నంతసేపూ చేప చెడదు. పట్టే లేని నీళ్లు నీ చేపనేం కాపాడతాయి?"

దానయ్య అన్న చెయ్యి పట్టుకున్నాడు. "ఆగుదాం అన్నా. ఇది పిల్లల నోటికాడి కూడు."

"భయమైతే ఒడ్డునే కూచో!" అని చెయ్యి విదిలించుకున్నాడు ఎల్లాజీ.

చివరికి అవే దిమ్మలు పడవకెక్కాయి. సముద్రంలో వలల నిండా వంజరం చేపలు పడ్డాయి. మంచు పగలగొడుతుంటే నడుమ నుంచి బొళబొళా నీళ్లు కారాయి. మర్నాటికి చేపల మధ్య గోరువెచ్చని నీళ్లే మిగిలాయి. ఒడ్డు చేరేసరికి మొప్పలు నల్లబడ్డాయి. వ్యాపారి ఒక్కసారి వాసన చూసి, ముక్కు మూసుకుని పక్క పడవ దగ్గరికి వెళ్లిపోయాడు.

అన్నదమ్ములు ఇసుకలో గొయ్యి తవ్వి ఆ చేపలన్నీ పూడ్చారు. పిల్లలు దూరంగా నిలబడి చూశారు.

"సముద్రాన్నైనా నమ్ముతాను గానీ, నీ తొందరని నమ్మలేనన్నా" అన్నాడు దానయ్య. ఆ వారమే పెళ్లాం బిడ్డలతో రైలెక్కాడు.

ఒక్క మనిషి నెడితే కదిలే పడవ కాదది. ఎల్లాజీ రోజూ దాని పక్కన కూచునేవాడు. అది ఎండకు నెర్రెలు విచ్చింది. దానయ్య మళ్లీ రాలేదు.

నీతి: ప్రకృతి తన పనికి తీసుకునే సమయాన్ని మన తొందర తగ్గించలేదు, ఆగలేనివాడు తన కూడునే కాదు, తనను నమ్మినవాళ్లనూ పోగొట్టుకుంటాడు.