తూగునడక గుర్రం

సముద్రానికి అవతల ఒక రైతుల ఊరు ఉండేది. దొరలు అక్కడి బీడు చూపించి, దున్నుకుని బతకండి అన్నారు. పాతదేశం వదిలి ఓడలెక్కి వచ్చినవాళ్ళు దున్నుకున్నారు, బతికారు.

ఏటా ఎండలు ముదరకముందు ఆ ఊళ్ళో గుర్రాల పండగ జరిగేది. మగగుర్రాలు ఉన్నవాళ్ళు వాటిని తోమి, జూలు దువ్వి, మైదానానికి తోలుకొచ్చేవారు. ఆడగుర్రాలు ఉన్నవాళ్ళు వాటి చుట్టూ తిరిగి చూసి, తమ గుర్రానికి ఏ గుర్రంతో చూలు కట్టించాలో తేల్చుకునేవారు.

వచ్చే మగగుర్రాలు మూడే. నల్లది బురదలో కూడా నాగలి లాగేది. తెల్లది ఎంత దూరం పోయినా అలిసేది కాదు. ఆ రెండింటి దగ్గర ఈగలు తప్ప ఎవరూ నిలబడేవారు కారు. జనమంతా ఎర్రగుర్రం చుట్టూ మూగేవారు. దాని గొప్పంతా నడకలో ఉంది. అడుగు వేసేముందు అది ఒళ్ళు ఒక పక్కకు వాల్చేది, కాలు గాలిలో కాసేపు ఆపేది, అనుమానంగా దించేది. ఊరివాళ్ళు దానికి తూగునడక అని పేరు పెట్టారు.

"చూడండయ్యా, పాతదేశపు నడక! ఈ మట్టిలో పుట్టే నడక కాదిది!" అని లాయం మామ కేకేసేవాడు. ఎర్రగుర్రాన్ని సాకేది అతనే.

నిజానికి పాతదేశంలో గుర్రాలు ఎలా నడిచేవో ఎవరికీ తెలియదు. అక్కడ వాళ్ళకు ఉన్నవి గేదెలు. అయినా ఆ నడక చూస్తే అందరికీ కళ్ళు చెమర్చేవి.

ఎర్రగుర్రం పుట్టింది ఓడలో. దొరలు ఓడ ఎక్కించిన దాని తల్లి నడిసముద్రంలో, గాలివానలో ఈనింది. పిల్ల మొదటిసారి లేచి నిలబడబోతే కింద చెక్క ఒక పక్కకు ఒరిగింది. మళ్ళీ లేస్తే రెండో పక్కకు ఒరిగింది. పడకుండా ఉండటానికి ఏం చేయాలో అది నేర్చుకుంది. గట్టు ఎక్కాక కూడా మానలేదు. ఈ సంగతి లాయం మామకు తెలుసు. ఆ నడక ఎక్కడ నేర్చిందని ఎవరో అడిగితే, "వచ్చే దారిలో" అన్నాడు. పాపం, గొప్పలు చెప్పుకోడు అని మెచ్చుకున్నారు.

ఊరికి ఒక కట్టుబాటు ఉంది. గుర్రప్పిల్లకు ఏడాది నిండగానే తండ్రి పక్కన నడిపించి చూస్తారు. తండ్రి నడక వచ్చిన పిల్ల ఊళ్ళో ఉంటుంది. రానిదాన్ని ఉప్పుమడుల మనుషులు తాడు వేసి తీసుకుపోతారు. ఉప్పులో గిట్టలు పగిలి చచ్చేదాకా బళ్ళు లాగడమే దాని బతుకు. అందుకని ఇంటింటా దుంగ మీద ఒక పలక వేసి, ఊగుడుబల్ల చేసుకున్నారు. పిల్లలను పొద్దునా సాయంత్రం దాని మీద నిలబెట్టేవారు.

ఊరి చివర సజ్జలు పండించుకునే ఒకావిడ ఉంది. ఆమెకున్నది ఒక్క ముసలి ఆడగుర్రం. ఎర్రగుర్రంతో చూలు కట్టిస్తే ఒక పిల్లను ఈనింది. ఇక ఈనే వయసు దానికి లేదు. ఆ పిల్లేమో పుట్టిన పూటే లేచి తిన్నగా నడిచింది. ఊగుడుబల్ల ఎక్కిస్తే దిగిపోయేది.

"వదినా, కాస్త గట్టిగా అదిలించు," అంది పొరుగావిడ. "మా పిల్లను చూడు, ఎంత బాగా ఊగుతోందో."

"మీ పిల్ల నిన్న నీళ్ళతొట్టిలో పడింది కదమ్మా."

"పడితే పడింది. పడటంలో కూడా ఆ ఒయ్యారం చూశావా?"

సజ్జచేను ఆవిడ నవ్వింది. కానీ ఉప్పుమడులకు పోయే బాట ఆమె చేను పక్కనే ఉంది. ఆ బాటన పోయిన పిల్లలు వెనక్కి తిరిగి తిరిగి చూడటం ఆమెకు తెలుసు.

"మామా, దీన్ని కొన్నాళ్ళు తండ్రి దగ్గర మేయనివ్వు. చూసి నేర్చుకుంటుందేమో," అని లాయం మామను బతిమాలింది. అతను సరేనన్నాడు.

గుర్రాల మాటలు మనుషులకు వినబడవు.

"నాన్నా, ఎందుకలా వాలుతావు?" అంది పిల్ల.

"కింద నేల జారుతుంది."

"జారడం లేదే."

"ఇంకా జారలేదు."

"నిన్న జారిందా?"

"జారలేదు. నేను జాగ్రత్తగా ఉన్నాను కాబట్టి."

తండ్రి మనసు నొప్పించడం ఇష్టం లేక పిల్ల తానూ ఒళ్ళు వాల్చి చూసింది, బోర్లా పడింది. లేచి, తుమ్మి, తిన్నగా నడిచిపోయింది. ఎర్రగుర్రానికి గుండె జారింది. దీనికి భయమే లేదు, దీన్ని ఎట్లా పెంచాలి అనుకుంది.

పరీక్ష రోజు వచ్చింది. ఊరి పెద్ద అయిన చెరుకుతోట ఆసామి అరుగు మీద కూర్చున్నాడు. తండ్రినీ పిల్లనూ పక్కపక్కన నిలబెట్టి నడవమన్నారు. పిల్ల తిన్నగా నాలుగడుగులు వేసింది. జనం అయ్యో అన్నారు. ఉప్పుమడుల మనిషి తాడు విప్పుకుంటూ ముందుకొచ్చాడు.

ఎర్రగుర్రం ఆ తాడును చూసింది. పుట్టినప్పటి నుంచీ కింద నేలనే చూస్తూ వచ్చింది కాబట్టి, బిడ్డను తీసుకుపోయేది పక్కనుంచి రావచ్చని దానికి ఎన్నడూ తట్టలేదు. వాలబోయిన ఒంటిని బిగపట్టింది. లేచిన కాలు గాలిలో వణికింది. తూలి పిల్ల భుజానికి ఆనుకుంది.

"నేల ఎక్కడికీ పోలేదు నాన్నా. పెట్టు."

పెట్టింది. రెండో కాలు కూడా పెట్టింది. తండ్రీ పిల్లా మైదానం చివరిదాకా తిన్నగా నడిచాయి.

"ఏం మామా, ఇది మన గుర్రమేనా?" అన్నాడు ఆసామి.

"మనదే. తండ్రిదీ పిల్లదీ ఒకటే నడక, చూశారు కదా. కట్టుబాటు అదే కదండీ," అన్నాడు లాయం మామ.

ఆసామి ఆలోచనలో పడ్డాడు. అతని కొట్టం నిండా ఉన్నవి ఎర్రగుర్రం పిల్లలే. తండ్రిని కాదంటే వాటన్నిటినీ ఉప్పుకు పంపాలి. గొంతు సవరించుకున్నాడు.

"పాతదేశపు అసలు నడక ఇదే. నాకు బాగా గుర్తు. మా గేదెలు కూడా ఇట్లాగే తిన్నగా నడిచేవి."

అందరికీ అదే గుర్తొచ్చింది. కళ్ళు చెమర్చాయి. సజ్జచేను ఆవిడ పిల్ల మెడ పట్టుకుని వదల్లేదు.

వరుసలో తర్వాతిది పొరుగావిడ పిల్ల. అది వచ్చి ఎర్రగుర్రం రెండో పక్కన నిలబడింది. ఏడాది పొడుగునా నేర్చుకున్నదంతా చూపిస్తూ, ఎంతో శ్రద్ధగా ఊగుతూ అడుగు వేసింది. జనం ముఖాలు ముడుచుకున్నారు. పొరుగావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఉప్పుమడుల మనిషి చుట్టిన తాడును మళ్ళీ విప్పాడు.

ఎర్రగుర్రం ఆ పిల్ల వైపు తిరిగి చూసింది. అదీ తన బిడ్డే. కాసేపు నిలబడి, నెమ్మదిగా ఒళ్ళు వాల్చి, కాలు గాలిలోకి ఎత్తింది.

అరుగు మీద చెరుకుతోట ఆసామి కళ్ళు మూసుకుని, పాతదేశాన్ని మళ్ళీ గుర్తుచేసుకోవడం మొదలుపెట్టాడు.