నోరు కట్టిన గంట

అనగనగా రెండు ఎర్రకొండల మధ్య, లోతైన గండి అంచున ఒక చిన్న ఊరు. వాన ముఖం చూడని నేల, బంగారూ. అక్కడ అందరూ గొర్రెల మీదే బతికేవాళ్ళు.

గండిలోకి సగం దూరం దిగితే ఒక వెడల్పాటి మెట్టు. ఆ మెట్టు మీద గడ్డి. ఎండాకాలం దాకా అక్కడ ఎవరూ మందని మేపకూడదని ఊరంతా పొలిమేర రాయి మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నారు. ఆ ఊరి సుంకమ్మ కూడా పెట్టుకుంది.

సుంకమ్మకి పదకొండు గొర్రెలు. ముందు నడిచేది చుక్కగొర్రె, దాని మెడలో గంట. అది ఎటు పోతే మంద అటే. ఆ ఏడు అది చిక్కిపోయింది. దొడ్లో దాని పిల్లకి పాలు చాలలేదు.

అప్పుడు సుంకమ్మ గంటలో గుడ్డపీలికలు కుక్కి మందని గండిలోకి దింపింది. మొదటిరోజు ఎవరికీ తెలియలేదు. రెండోరోజూ తెలియలేదు.

మూడోరోజు దుమ్ముగాలి లేచింది. గాలి తగ్గాక చూస్తే మంద లేదు! పొద్దు వాలుతోంది. తోడేళ్ళు తిరిగే వేళ.

సుంకమ్మ చెవి ఒగ్గి విన్నది. గంట ఎలా మోగుతుంది? కేకేసింది. ఎడమ కొండ మారుపలికితే అటు పరిగెత్తింది, గొర్రెలు లేవు. మళ్ళీ కేకేసింది. కుడి కొండ పలికింది, అటూ లేవు. మూడోసారి కేకేస్తుంటే కాలికింద రాయి జారి లోతులోకి పోయింది. ఎంతసేపటికీ అది కింద పడిన చప్పుడు రాలేదు.

అప్పుడు ఊళ్ళోకి పరిగెత్తి పెద్దాయన మద్దిలేటి ముందు నిలబడి, మంద కనపడలేదని చెప్పింది.

"మంద పోయిందా? గంట వినపడలేదా?"

"నేనే దాని నోరు కట్టేసినా, మామా."

"యాడ?"

"ఒట్టు పెట్టిన గడ్డిలో."

ముసలాయన కర్ర అందుకుని లేచాడు. "కొండ నిన్ను మోసం చేస్తాది గానీ పిల్లని చెయ్యలేదు. దొడ్లో గొర్రెపిల్లని పట్టుకురాపో. తిట్టేది రేపు తిడతాలే."

ఆ తర్వాత పిల్లని మెట్టు మీద దించారు. అది వాసన చూసింది. అరిచింది. తడబడుతూ పోయి ఒక పెద్ద బండ వెనక సందులో దూరింది. మంద మొత్తం అక్కడే ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలబడి ఉంది.

సుంకమ్మ తన చేత్తోనే పీలికలు లాగేసింది. గంట మోగింది. ఎడమ కొండ మోగింది, కుడి కొండ మోగింది. ఆమె మంద ఏ గడ్డిలో ఉందో ఊరంతటికీ తెలిసిపోయింది. ఆమె తల దించుకుంది, గంటని మాత్రం పట్టి ఆపలేదు.

ఎండాకాలంలో అందరి మందలూ మేశాక, చివర్న సుంకమ్మ మంద దిగింది. మిగిలిందే మేసింది.

గంట మోగింది, మంద దొరికింది,
కథ కంచికి నడిచింది, కునుకు కంటికి వచ్చింది.