కోటగోడకు పూలతీగ

కోటగోడ నిండా పూలతీగలు పాకాలని రాణిగారి ఆజ్ఞ. దొంగ పట్టుకుని ఎక్కేందుకు చిన్న తీగ కనిపించినా తల తీయిస్తానని దళవాయి వీరభూపతి బెదిరింపు. మధ్యన తోటమాలి నాంచారికి నిద్ర కరువైంది. తల గోక్కుని గోక్కుని, ఉన్నట్టుండి ఫక్కున నవ్వి, ఏవో గింజలు నాటింది.

వానలు వెలిసేసరికి గోడంతా ఊదాపూలు, వాటి మధ్య బొచ్చుకాయలు.

"ఏ దొంగైనా ఇట్టే ఎక్కేస్తాడు, చూడండి," అంటూ దళవాయి రాణిగారి ఎదుటే తీగ పట్టుకుని ఎగబాకాడు. సగం గోడ ఎక్కాడో లేదో మెడ దురద. ఒక చేత్తో గోక్కున్నాడు. దురద వీపంతా పాకింది. రెండో చెయ్యీ వదిలాడు. నేరుగా ఎరువుకుప్పలో పడ్డాడు.

రాణిగారు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే నాంచారి వినయంగా చేతులు కట్టుకుంది.

"అది దూలగొండి తీగ దొరా. ఎక్కడానికీ రెండు చేతులు కావాలి, గోక్కోవడానికీ రెండు చేతులు కావాలి. దొంగకు మాత్రం నాలుగుంటాయా?"