గైరమ్మ చిటికెలు

ఊఁ కొట్టండి, చెబుతాను. ఇప్పటి తాటిచెట్లు ఇంకా టెంకలుగా ఉన్నప్పటి మాట ఇది. ఒక ఊళ్లో జోగులు అనే కల్లుగీసేవాడు ఉండేవాడు. అతని పెళ్లాం గైరమ్మ. ఆస్తి లేదు, నలుగురిలో నోరెత్తే అలవాటూ లేదు. ఉన్నదల్లా భయమే. మొగుడు చెట్టెక్కితే దిగేదాకా కింద నిలబడి పైకే చూస్తూ ఉండేది.

జోగులుకు ఒక పాడలవాటు. పొగాకు పొడిని గుడ్డపీలికలో చిన్న తిత్తిగా కట్టి పెదవి కింద పెట్టుకునేవాడు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి అని మొదలైంది. రానురాను తిత్తి లేని ఘడియ లేదు. ఒకనాడు అన్నం తింటూ తింటూ ముద్ద వదిలేశాడు. గైరమ్మ పెదవి లాగి చూస్తే లోపల తెల్లటి పుండు. ఆమె మామ పోయింది అలాంటి పుండుతోనే.

ఊరిపెద్ద కామునాయుడు ఇక పొగాకు ముట్టనని జోగులు చేత దీపం ముందు ఒట్టు వేయించాడు. ఒకటో రోజు బాగానే గడిచింది. రెండో రోజు అతని చిరాకుకు ఇంట్లో కుండలు పగిలాయి. మూడో రోజు చెట్టు మీద చేతులు వణికి, నడుముకు చుట్టిన మోకు జారి, బారెడు కిందకొచ్చి ఆగాడు. ఆ పూటే అతను మళ్లీ తిత్తి పెట్టాడు. ఇంకోసారి ఒట్టు, ఇంకోసారి జారుడు. మూడోసారి ఒట్టు వేయమంటే జోగులు ఏడ్చాడు.

"పెడితే పుండు సంపుద్ది, మానితే సెట్టు సంపుద్ది. నానేటి సెయ్యనే?"

మర్నాడు అతను చెట్టు దిగుతుంటే గైరమ్మ చూసింది. మోకును జానెడు జానెడు జరుపుకుంటూ దిగుతున్నాడు. ఇంటికెళ్లి తిత్తులు తనే కట్టడం మొదలుపెట్టింది. తిత్తికి మూడు చిటికెల పొగాకు పట్టేది. రెండే వేసి, మిగతా చోటు వాముతో నింపింది.

"సెప్పే తగ్గిస్తన్నాను మావా," అంది. "ఇందులో దొంగతనం నేదు."

కామునాయుడు అందరిలో నిలదీశాడు. "ఏటే గైరమ్మా, నీ సేత్తోనే మొగుడి నోట్లో ఇసం పెడతన్నావా? రేపు సస్తే పాపమెవులది?"

"నాదే బాబూ. సెట్టు మీదున్నోణ్ని దూకీమంటే పాణం నిలుస్తాదేటి? మెల్లగా దిగాల."

అనడమైతే అంది. ఆ మాటతో ఆమెకు నిద్ర కరువైంది. అతని వేలు వణికితే చిటికె ఎక్కువ తగ్గించానేమో అనుకునేది. వణక్కపోతే చాటుగా పెట్టుకున్నాడేమో అనుకునేది. నెల తిరిగాక ఒక్క చిటికెకు దిగింది. పది రోజులకు జోగులు మూడు చిటికెల తిత్తితో దొరికిపోయాడు. గైరమ్మ తిట్టలేదు. మళ్లీ రెండు చిటికెలు కట్టి, అక్కణ్నుంచి దిగింది. రెండు, ఒకటి, అర.

ఒక పొద్దున గడప దగ్గర తిత్తి పడి ఉంది. అతను పనికి వెళ్లిపోయాడు. అది లేకుండా చెట్టెక్కితే మళ్లీ జారతాడు అనుకుంది గైరమ్మ. తిత్తి పట్టుకుని తాటితోపుకు పరుగెత్తింది. జోగులు అప్పటికే చెట్టెక్కి, గీసి, దిగుతున్నాడు.

"తిత్తి మర్సిపోనావు మావా," అంది రొప్పుతూ.

"ఏ తిత్తి?" అన్నాడు జోగులు.

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ ఏడాదే పుండు మానింది.

చాలా ఏళ్లకు గైరమ్మ జ్వరంతో పోయింది. తోపు పక్కన ఆమెను పూడ్చిన చోట జోగులు ఒక కర్ర పాతి ఖాళీ తిత్తి కట్టాడు. ఇప్పటికీ ఆ వైపు పొగాకు మానాలనుకున్నవాళ్లు అక్కడ తిత్తి కడతారు. ఖాళీదే కట్టాలని లేదు, సగం నిండినవీ వేలాడుతుంటాయి. అక్కడికొచ్చిన మనిషిని ఇంకా మానలేదా అని ఎవరూ అడగరు. ఎన్ని చిటికెలకు దిగావని అడుగుతారు.