పసుపు రాసిన నిచ్చెన

ఎంతసేపు దొర్లుతావే తల్లీ! దుప్పటంతా తాడులా పేనేశావు. ఇటు తిరుగు, కాలు నా మీద వేసుకో. చెప్తా, విను.

అనగనగా ఒక ఊళ్ళో, కోడి కన్నా ముందు మగ్గాలు నిద్ర లేచే ఊళ్ళో, ఒక పెంకుటిల్లు. అందులో అప్పలకొండ అనే నేతగాడు. అతని పెళ్ళాం నూకరత్నం. అతని తల్లి బంగారమ్మ.

అప్పలకొండ మగ్గం కింద తవ్విన గుంటలో కూర్చుని రెండు కాళ్ళతో మగ్గం తొక్కేవాడు. ఆ కాళ్ళు ఆడితేనే మగ్గం ఆడేది. మగ్గం ఆడితేనే పొయ్యి వెలిగేది. అది గుర్తు పెట్టుకో.

ఒకరోజు నల్లగా మబ్బు పట్టింది. అప్పుడే ఎక్కడి నుంచో కోతుల మంద వచ్చి కప్పు మీద ధనాధనా గెంతింది. పెంకులు జారాయి, కొన్ని పగిలాయి. ఎక్కడా? సరిగ్గా మగ్గం పైన! కింద నుంచి చూస్తే ఆకాశం కనబడుతోంది. మగ్గం మీదేమో సగం నేసిన చీర.

"వాన దిగిందంటే చీర పోతుంది, గుంట నిండుతుంది! నిచ్చెన తేవే!" అని అప్పలకొండ గావుకేక పెట్టాడు.

పెరట్లో అప్పలకొండ తండ్రి నాటి వెదురు నిచ్చెన ఉంది. ఏటా దసరాకి బంగారమ్మ దానికి పచ్చరంగు వేయించి, పైన పసుపు రాసి, మెట్టుమెట్టుకీ కుంకుమ బొట్టు పెట్టేది. చూడ్డానికి అచ్చం పెళ్ళికూతురే.

నూకరత్నం దాన్ని తెచ్చింది కానీ, గోడకి ఆనించలేదు. పై మెట్టు మీద గోరుతో గీకింది. పసుపు రాలింది, రంగు రాలింది, ఆ కింద నుంచి మెత్తని పొడి రాలింది. చెద!

"మావా, దీన్నెక్కొద్దు."

బంగారమ్మకి ఒళ్ళు మండింది. "ఏమే, మీ మామ జన్మంతా ఎక్కిన నిచ్చెన! ఏటేటా పూజ చేస్తున్నా. దానికేం రోగం?"

"పూజ బాగానే చేశావత్తా. పసుపు రాసే ముందు ఒక్క ఏడాదైనా తడిమి చూశావా?"

అంతలో పైన ఉరిమింది.

ఆ తర్వాత అప్పలకొండ పక్కింటికి పరిగెత్తి, సూరన్న దగ్గర అల్యూమినియం నిచ్చెన అడిగి తెచ్చాడు. చంకలో పెట్టుకుని ఒంటిచేత్తో తెచ్చాడు. "చూడు, దూదిలా ఉంది! ఇప్పుడేం వంక పెడతావో పెట్టు."

నూకరత్నం వంక పెట్టింది. కాళ్ళ కింద రబ్బర్లు అరిగిపోయాయి. గచ్చు మీద నిలబెడితే జర్రున జారింది. పైగా చూరు పక్కనే స్తంభం నుంచి వచ్చే కరెంటు తీగ.

"ఇది తీగకి తగిలిందంటే నిన్ను దించడానికి కూడా ఎవరూ ముట్టుకోలేరు మావా."

"అయితే ఎలాగెక్కమంటావు? గాల్లో ఎగరనా?"

"ఎగిరితే ఎగురు. దీన్నెక్కి మాత్రం కాదు!"

అమ్మో, చేయి అలా పిసకకు తల్లీ. లేదు, పడలేదు. విను.

టప్ టప్ మని చినుకులు మొదలయ్యాయి. అప్పలకొండకి కాలు నిలవలేదు. పసుపు నిచ్చెనే లాగి గోడకి వేసి, మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. నూకరత్నం అతని నడుం రెండు చేతులతో పట్టుకుంది. "వదలవే!" "వదలను!" "మొగుణ్ణి చెప్తున్నా!" "పెళ్ళాన్ని చెప్తున్నా!"

అప్పుడు, చూరు మీద చోద్యం చూస్తున్న గండుకోతి ఒకటి కిందికి దిగుదామని ఆ నిచ్చెన పై మెట్టు మీదికి దూకింది.

ఫట్!

మెట్టు విరిగింది. కోతి వెళ్ళి కుడితి తొట్టిలో బుడుంగున పడింది. లేచి, మూతి తుడుచుకుని, ముగ్గుర్నీ తిట్టినట్టు పళ్ళికిలించి పారిపోయింది.

నువ్వు నవ్వావు గానీ, వాళ్ళెవరూ నవ్వలేదు. అప్పలకొండ అరుగు మీద కూలబడి, రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని ఊరికే వాటినే చూసుకున్నాడు.

వాన కుండపోతగా దిగింది. అప్పుడు ముగ్గురూ పరదా పట్టా తెచ్చి మగ్గం మీద చాచి పట్టుకున్నారు. మూడు మూలలు ముగ్గురూ, నాలుగో మూల గుంజకి కట్టారు. చేతులు లాగేశాయి. అంచు జానెడు తడిసింది గానీ చీర దక్కింది. వాన వెలిశాక బంగారమ్మ మెల్లిగా అంది, "నా కొడుకుని నేనే ఎక్కించబోయానే పిల్లా."

తెల్లారి అత్తాకోడళ్ళు సంతకెళ్ళారు. "రంగేసినవి మాకొద్దు" అంది బంగారమ్మ ముందుగానే. బాగా ఎండిన వెదురు నిచ్చెన ఒకటి తీసి నేలమీద రెండు ఇటుకల మీద పరిచారు. కోడలు ఒక్కొక్క మెట్టు తొక్కింది. అత్త చీర ఎగదోపుకుని తనూ తొక్కింది.

"ఏంటమ్మా, నా సరుకు మీద చిందులేస్తున్నారు?" అన్నాడు అమ్మేవాడు.

"ఇక్కడ విరిగితే నవ్వుకుంటాం నాయనా, పైన విరిగితే ఏడుస్తాం" అంది బంగారమ్మ.

చూరు దాటి రెండు మెట్లు పైకి మిగిలేంత పొడవుది తీసుకున్నారు, పైన చేతికి పట్టు ఉండాలిగా. ఇంటికొచ్చి కాళ్ళకి పాత సైకిల్ టైరు ముక్కలు కట్టారు. కరెంటు తీగకి దూరంగా, మరీ నిటారుగా కాకుండా, మరీ వాలుగా కాకుండా గోడకి వేశారు.

అప్పుడు నూకరత్నం కొంగు బిగించింది.

"ఆడదానివి, కప్పెక్కుతావా?" అన్నాడు అప్పలకొండ.

"నోర్మూసుకుని కింద పట్టుకోరా" అంది తల్లి. "నీ బరువుకి ఉన్న పెంకులు కూడా పగుల్తాయి. అది తేలిక." అని, తను రెండో పక్క పట్టుకుంది.

నూకరత్నం ఎక్కింది, పెంకులు సర్దింది, పగిలినవి మార్చింది, దిగింది. సాయంత్రానికల్లా మగ్గం మోగింది.

పసుపు నిచ్చెనా? పారేయలేదు. పెరట్లో బీరపాదుకి పందిరయింది. బంగారమ్మ రోజూ పాదుకి నీళ్ళు పోసేది. దసరాకి కొత్త నిచ్చెనకీ బొట్టు పెట్టింది, కానీ ముందు మెట్టుమెట్టూ తడిమి, తొక్కి, అప్పుడు.

కోతా? వచ్చింది మళ్ళీ. చూరు మీద కూర్చుని కొత్త నిచ్చెన వంక చాలాసేపు చూసింది. ఆ తర్వాత చెయ్యి చాచి, పై మెట్టు పట్టుకుని గట్టిగా ఊపి చూసి, అప్పుడు దిగింది.

కదలకు ఇంక.

నిచ్చెనేమో గోడకి,
బీరపాదు పందిరికి,
కోతేమో కొమ్మకి,
కథేమో కంచికి,
నిద్రేమో నీ కంటికి!